గుప్తదానం అనే అనువాదకుడు

మా ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పెంపకం. మా అత్తగారు డాబా మీద గులాబీలు పెంచుతారు. మా ఆయన పొట్ట పెంచుతున్నారు. నేను ఒక వ్యాసాన్ని పెంచుతున్నాను.

ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, దాని తెలుగు విభాగంలో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రాసిన వ్యాసం అది. కొనక్కర్లేని సిస్టమ్. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి ఇష్టంతో తయారుచేసి అందరికీ ఊరికే ఇస్తారు. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే కాలేజీ ల్యాబులో కంప్యూటర్లన్నీ దానిమీదే నడుస్తాయి. ఆ వ్యాసానికి నన్నెవరూ కాపలా పెట్టలేదు. జీతం లేదు, కనీసం టీ కూడా ఇవ్వరు. అయినా ఏలూరులో పొద్దున పాసింజరు ఎక్కి కూర్చోగానే ఫోను తీసి, నిన్నటి నుంచి దాన్ని ఎవరు ముట్టుకున్నారో చూడకపోతే నాకు తోచదు.

ముట్టుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. కొత్త వెర్షన్ వచ్చిన రోజైతే మరీను. వ్యాసం పక్కనుండే పెట్టెలో వెర్షన్ నంబరు మార్చాలి, విడుదలైన తేదీ మార్చాలి, ఏ పాత కంప్యూటర్ల మీద ఇక నడవదో రాయాలి, రాసిన ప్రతిదానికీ ఆధారం చూపించాలి. మా కాలేజీ పిల్లలు ఆ సిస్టమ్‌ను తమ క్లాసులో ఒకడు కనిపెట్టాడని రాసి, వాడి పుట్టినరోజు కానుకగా వాడికే చూపిస్తారు. రైలు భీమడోలు దాటేలోపు తీసేస్తాను. ఒకసారి ఎవరో “దీనికి వైరస్ రాదు” అని రాశారు. అది నిజం కాదు, తక్కువ వస్తుందంతే. నేను దిద్దేలోపే మండవల్లి వైపు రొయ్యల రైతు ఒకాయన దాని కిందే “అలాగైతే మా చెరువులో కూడా ఎక్కించొచ్చాండి?” అని అడిగారు. వ్యాసంలో ప్రశ్నలు రాయకూడదని ఆయనకి చెప్పాను గానీ, ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

మావాళ్ళతో అసలు చిక్కు చిలిపితనం కాదు, మర్యాద. ఇక్కడ ఎదుటివాడు తప్పు చెప్పినా ముందు “అవునండీ” అంటారు, తరవాత మెల్లగా “కాకపోతేనండీ” అని మొదలుపెడతారు. వ్యాసంలోనూ అంతే. ఒకరు తప్పు రాస్తే రెండోవారు దాన్ని తీసెయ్యరు, పాపం రాసినాయన నొచ్చుకుంటాడని. పక్కనే ఇంకో వాక్యం చేరుస్తారు, “అయితే ఇలా కాదని కొందరి అభిప్రాయం” అని. కంప్యూటర్‌కి ఎంత మెమరీ కావాలన్నది అభిప్రాయమెలా అవుతుంది? అది ఒక అంకె. నాకు ఈ మొహమాటం పుట్టుకతోనే లేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ నన్ను చూసే అనేది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి ఉంది. మా అత్తగారు చదువుతారు కాబట్టి పూర్తిగా రాయను.

ఇలా తీసేస్తూ, దిద్దుతూ ఉండగా ఒక రోజు వ్యాసంలో కొత్త వాక్యం కనిపించింది. “ఈ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చినవారు ప్రముఖ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు శ్రీ గుప్తదానం గారు.” నేను పాసింజరులో పైకే నవ్వాను. ఎదురుగా ఉల్లిపాయల బస్తా మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఏదో మంచి వార్త అనుకుని తనూ నవ్వారు.

ఈ గుప్తదానం గారు ఎవరో నాకు బాగా తెలుసు. ఆయన పుట్టినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. ఏలూరులో నాకు స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు రిటైరయ్యి, ఏమీ తోచక కంప్యూటర్ నేర్చుకున్నారు. నేర్చుకున్నవారు ఊరుకోకుండా, ఇది తెలుగులో ఎందుకు లేదని పేచీ మొదలుపెట్టారు. ఈ సిస్టమ్‌నైతే ఎవరి భాషలోకి వాళ్ళే తెచ్చుకోవచ్చని నేను నోరు జారాను. అంతే, ఆదివారాలు పోయాయి. మాకు తోడు ఒక టీచరుగారు కలిశారు. ఆవిడది పెదపాడు, అక్కడి మిషను స్కూల్లో ఉద్యోగం. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఏలూరు వచ్చేవారు. మాస్టారి మేనల్లుడి ట్యూషన్ సెంటరులో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి ఏ మాట ఎలా ఉండాలో తీర్పు చెప్పేవారు. నేను ఆ మాటలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి చూసి, తెర మీద అక్షరాలు విరిగిన చోటల్లా తిట్టుకునేదాన్ని. అసలు పని టీచరుగారిది. తెర మీద కనిపించే ప్రతి బటనూ, ప్రతి హెచ్చరికా, సహాయం పేజీల్లో ప్రతి వాక్యమూ ఆవిడే తెలుగు చేసి టైపు చేశారు. మాస్టారు ఒక మాట గురించి ఆలోచిస్తూ కాఫీ తాగి వచ్చేలోపు ఆవిడ పేజీ ముగించేవారు. ఆయన వచ్చి రెండు మాటలు మార్చి, “ఇప్పుడు బాగుంది” అనేవారు. ఆవిడ “అలాగేనండీ” అనేవారు. బడిలో పిల్లల్ని కూడా అండీ అని పిలిచే మనిషి ఆవిడ.

పని అయ్యాక చివర ఒక గడి మిగిలింది. అనువాదం చేసినవారి పేరు రాయమని. అక్కడ ఏం రాస్తే అదే ఆ సిస్టమ్ పరిచయం తెరలో, కృతజ్ఞతల కింద, ప్రపంచమంతటా కనిపిస్తుంది.

మా వైపు దానం ఇచ్చేవాళ్ళు రెండు రకాలు. గుడికి ట్యూబులైటు ఇచ్చి, దాని మీద వెలుగు బయటికి రానంత పెద్దగా పేరు రాయించుకునేవాళ్ళు ఒక రకం. చర్చి బెంచీల వెనక కూడా ఇలాంటి పేర్లు ఉంటాయి, కూర్చున్నవాళ్ళ వీపులకి గుచ్చుకుంటూ. రెండో రకం వాళ్ళు పేరు వద్దంటారు. వాళ్ళ ఫ్యాను రెక్కల మీద “గుప్తదానం” అని మాత్రం ఉంటుంది. మాస్టారు రెండో రకంలో అగ్రగణ్యులు. “పేర్లెందుకమ్మా! దానం చేసి చాటుకుంటామా? గుప్తదానం అని కొట్టు” అన్నారు. కొట్టడం టీచరుగారి పని కదా, కొట్టారు. నాకు పేరున్నా లేకపోయినా ఒకటే, ఆకలేస్తోంది, పని ముగిస్తే చాలనుకున్నాను.

ఆ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళెవరికీ తెలుగు రాదు. వాళ్ళకి అది ఒక మనిషి పేరులాగే కనిపించింది. వెర్షన్ తరవాత వెర్షన్‌లో గుప్తదానం గారికి కృతజ్ఞతలు వచ్చాయి. దాన్ని చూసి ఎవరో ఇంగ్లీషు వ్యాసంలో ఎక్కించారు. దాన్ని చూసి కంప్యూటర్ వార్తలు రాసే వెబ్‌సైటు ఒకటి, భారతీయ భాషలకి సేవ చేసిన ఇంజనీర్లంటూ వేసిన జాబితాలో ఆయన్నీ కలిపేసింది. అది చూసి ఇప్పుడు తెలుగు వ్యాసంలోకి వచ్చారు, ‘ప్రముఖ’, ‘శ్రీ’, ‘గారు’ అన్నీ తగిలించుకుని.

నేను తీసేశాను. మధ్యాహ్నానికి ఎవరో మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీసేశాను. అప్పుడు వ్యాసం వెనక ఉండే చర్చా పేజీలో ఒకాయన ఎంతో మర్యాదగా రాశారు. “ఏవండీ, తప్పుగా అనుకోకండి. ఆయన గురించి మేము ఆధారం చూపించాం. ఆయన లేరనడానికి మీ దగ్గర ఆధారమేమైనా ఉందాండి?”

నాకు ఒళ్ళు మండింది. నేనే ఆధారం, ఆ గదిలో నేనున్నాను అని రాశాను. ఆయన మళ్ళీ అంతే మర్యాదగా నాకే రూలు చదివి వినిపించారు. విజ్ఞాన సర్వస్వంలో ఎవరి సొంత అనుభవమూ ఆధారం కాదు, ఎక్కడో ఒకచోట ప్రచురితమై ఉండాలి. ఆ రూలు చూపించి ఎంతమంది రాతలు కొట్టేశానో నాకే గుర్తులేదు. ఇప్పుడు అదే రూలు ప్రకారం లేనివాడు ఉన్నాడు, ఉన్నవాళ్ళం మేము లేము. చేసేదిలేక ‘ప్రముఖ’ ఒక్కటీ పీకేసి, కోపంతో లాగవుట్ అయ్యాను.

ఇంత మంచి కథని ఒక్కదాన్నే దాచుకోలేను. ఆ ఆదివారం పెదపాడు వెళ్ళి టీచరుగారికి చెప్పాను. వాళ్ళ అరుగు మీద కూర్చుని, చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోయే రోడ్డు వైపు చూస్తూ, ట్రైనులో పెద్దాయన నవ్వు దగ్గర్నుంచి అంతా అభినయించి మరీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

“ఇంజనీరని రాసేరాండి?” అన్నారు.

“అవునండీ. ప్రముఖ ఇంజనీరు” అన్నాను.

ఆవిడ కాసేపు చీర కొంగు సర్దుకున్నారు. తరవాత, ఆవిడ నోట నేనెప్పుడూ వినని మాట అన్నారు. “అక్కడ నా పేరు ఉండాలండీ. నాకు కావాలి.”

ఆవిడ ఆగలేదు. “ఆ రోజే చెప్దామనుకున్నానండీ. పెద్దవారు, మాస్టారు అంటుంటే కాదని ఎలా అంటాం? గుప్తదానం అని నా చేత్తో నేనే కొట్టేను. వచ్చే ఏడు నేను రిటైరవుతున్నాను. మా స్కూలు ల్యాబులో పిల్లలు రోజూ నేను రాసిన మాటలే నొక్కుతున్నారు. ఇవి నేను రాసేనర్రా అని చెప్తే నమ్ముతారాండి? తెర మీద ఇంకెవరి పేరో ఉంటే?”

ఆవిడ గొంతు పెంచలేదు. అండీలు ఒక్కటీ తగ్గలేదు. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ అది నవ్వుకోవడానికి పనికొచ్చే కథే అనుకున్నాను. ఆవిడకి అది పోయిన సొత్తు. ఈ పని జరిగి తీరాలని నాకు అప్పుడే పట్టుదల పుట్టింది.

వ్యాసంలో ఊరికే రాసెయ్యడానికి లేదు, రాస్తే ఆ మర్యాదస్తుడే వచ్చి తీసేస్తాడు, తీసెయ్యడమే న్యాయం కూడా. మార్చవలసింది మూలంలో. ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్ళే కృతజ్ఞతలు సవరిస్తే, అదే ఆధారమవుతుంది. వాళ్ళకి రాశాను. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. సంతోషంగా మారుస్తాం, అయితే గుప్తదానం గారి పేరు మీద ఉన్న పనిని ఇంకొకరికి రాయాలంటే ఆ ఖాతా నుంచి గుప్తదానం గారే స్వయంగా చెప్పాలి అని. ఆ ఖాతా మాస్టారిది.

మాస్టారు ఇప్పుడు పెంటపాడులో ఉంటున్నారు, పొలం చూసుకుంటూ. టీచరుగారూ నేనూ తాడేపల్లిగూడెంలో రైలు దిగి ఆటోలో వెళ్ళాం. దారిలో ఆవిడ “వద్దులెండి, వెనక్కి పోదాం” అన్నారు. ఆటో ఆపితే దిగేసేలా ఉన్నారని నేను పక్కనుంచి చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

మాస్టారు మమ్మల్ని చూసి పొంగిపోయారు. కాఫీలు ఇచ్చారు, కోతలు ఎలా ఉన్నాయో చెప్పారు, ఆదివారాల గది గురించి చెప్పుకుని మురిసిపోయారు. గుప్తదానం గారు ఇంజనీరయిన సంగతి చెబితే దగ్గొచ్చేలా నవ్వారు. అసలు పనేమిటో చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

“ఇచ్చేసేం కదమ్మా” అన్నారు. “ఇచ్చేసినదాని మీద ఇన్నేళ్ళ తరవాత వెళ్ళి పేరు రాయించుకుంటే అది దానం ఎలా అవుతుందీ? నలుగురూ నవ్వరూ?”

నేను నోరు తెరిచాను. నా నోరు తెరుచుకుంటే ఏం వస్తుందో తెలిసిన టీచరుగారు నా మోచెయ్యి నొక్కి, గ్లాసు కింద పెట్టారు.

“మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీది మీరు గుప్తంగా ఇచ్చేరు. అది మీ గొప్పతనం. నాది కూడా మీరే ఇచ్చేసేరండి. నన్ను అడగలేదు.”

వంటింట్లో కుక్కరు కూత వేసింది. మాస్టారు ఆవిడ వైపు చూసి, తరవాత తన చేతుల వైపు చూసుకున్నారు. ఆయనకి కోపం వచ్చిందో, బాధ కలిగిందో నాకు అర్థం కాలేదు. లెక్కల క్లాసులో ఎవరైనా ఆయన చేసిన లెక్కలో తప్పు చూపిస్తే ఇలాగే బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయేవారు. కాసేపటికి లేచి, “భోజనం చేసి వెళ్ళండి” అని మాత్రం అన్నారు. తిన్నాం. గోంగూర బాగుందని ముగ్గురమూ చెప్పుకున్నాం. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తిరుగు దారిలో టీచరుగారు ఏడ్చారు. పేరు రాదని కాదట, పెద్దాయన్ని నొప్పించానని.

వారం తిరిగింది, ఏమీ జరగలేదు. నేను వెళ్ళి దులిపేద్దామనుకున్నాను. మా ఆయన ఆపారు. ఈలోగా మాస్టారే సిస్టమ్ వాళ్ళకి రాసేశారు. ఆ ఉత్తరం అందరికీ కనిపించే వాళ్ళ చర్చా వేదికలో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. హెడ్మాస్టరుకి సెలవు చీటీ రాసినట్టు ఉంటుంది ఇంగ్లీషు. గుప్తదానం మనిషి కాదు, మా దేశంలో అదొక ఆచారం, ఆచారం నాది, పని వేరేవారిది, వారి అనుమతి లేకుండా వారి పేరు దాచినందుకు చింతిస్తున్నాను అని రాశారు. ఎక్కడో చలి దేశం నుంచి ఒకతను జవాబిచ్చాడు, వచ్చే సమావేశానికి గుప్తదానం గారిని ముఖ్య అతిథిగా పిలుద్దామనుకున్నాం, చాలా నిరాశగా ఉందని. సరే, ఎవరెవరి పేర్లు ఎలా ఉండాలో మీరే రాసి పంపండి అని కూడా అన్నాడు.

కొత్త వెర్షన్ వేసవి సెలవులకి ముందు వచ్చింది. పాసింజరులో కూర్చునే వ్యాసం పక్క పెట్టెలో నంబరు మార్చాను, తేదీ మార్చాను. కాలేజీకి వెళ్ళగానే ఒక కంప్యూటర్‌లో ఎక్కించి, కృతజ్ఞతల తెర తెరిచాను. తెలుగు అనువాదం అన్నచోట మొదట టీచరుగారి పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. దాని కింద నాది. నేను వద్దనుకున్నదే అయినా, చూస్తే బాగానే ఉంది. ఇక్కడ ఆవిడ పేరు రాయను, కావలసినవాళ్ళు వెళ్ళి అక్కడ చూసుకోండి, ఆవిడ కోరుకున్నది అక్కడే కదా.

ఈసారి వ్యాసంలో వాక్యం రాసి, దాని పక్కన ఆధారం పెట్టాను. మర్యాదస్తుడాయన పావుగంటలో వచ్చి చూసి, “ఇప్పుడు సరిగ్గా ఉందండీ, ధన్యవాదాలండీ” అని వెళ్ళారు. మనిషి మంచివాడే, అన్యాయంగా తిట్టుకున్నాను.

మధ్యాహ్నం టీచరుగారు కొత్త వెర్షన్ ఎక్కించుకుని, వాళ్ళ స్కూలు ల్యాబు నుంచి ఫోను చేశారు. వెనకాల పిల్లల గోల. వాళ్ళు ఆవిడ పేరుని గట్టిగా, మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. ఉన్నట్టుండి గొంతు మారింది. “ఏవండీ, మాస్టారి పేరు లేదేంటండి? మన కిందన ఇంకా గుప్తదానం అనే ఉంది. చూసేరా?”

చూశాను. నా పేరు కింద, మూడో వరుసలో, గుప్తదానం అలాగే ఉన్నాడు. తీసెయ్యడం మరిచిపోయారనుకున్నాను, లోపం ఉందని వాళ్ళకి ఫిర్యాదు సగం రాశాను కూడా. ముందు మాస్టారిని అడగడం మంచిదనిపించి ఫోను చేశాను.

“మాస్టారూ, అందులో పొరపాటు పడింది. మీ పేరు రాలేదు, పాతదే ఉండిపోయింది.”

“పొరపాటు కాదమ్మాయ్. అలాగే ఉంచమని నేనే రాసేను.”

“మళ్ళీ ఎవడో వచ్చి ఆయన్ని ఇంజనీర్ని చేస్తాడండీ. నా ప్రాణం తీస్తారు.”

“చెయ్యనీ. తీసెయ్యడానికి నువ్వున్నావుగా” అని నవ్వారు. తరవాత, “ఈసారి నాదొక్కటే ఇచ్చేనమ్మా” అన్నారు.